కులం, క్వీర్ బతుకు: ముత్యాల సరంలోనా, వచనంలోనా, పాటలోనా?

విజయనగరంలో కూర్చుని కవిత రాసేవాళ్లకు ముత్యాల సరం అనే ఛందస్సు పక్కింటి చుట్టం లాంటిది. గురజాడ 1910లో ఇచ్చిన నడక: పాదానికి 14 మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికో ఒత్తు ముందు అక్షరానికో రెండు), 3+4+3+4. నాలుగో పాదం పొట్టిగా ఉన్నా ఫరవాలేదు. యతిప్రాసల బెడద లేదు. ఆ మరుసటేడే 'లవణరాజు కల'లో ఆయన కులాన్ని ఈ నడకలోనే నిలదీశాడు. అంచేత కులానికి ఛందస్సు పనికిరాదనే వాదన మనకు నప్పదు. కానీ కొత్తవాళ్లు తరచు ఇలా రాస్తారు:

పాక హోటలు అరుగు మీదను
వేరు గ్లాసే తీసి ఇచ్చిరి

మాత్రలు లెక్కకు సరిపోయాయి. 'మీదను'లో 'ను' మాత్రం ఒక మాత్ర తక్కువైతే వేసిన అతుకు. 'ఇచ్చిరి' అని శ్రీకాకుళంలో ఎవరంటారు? అవమానపడ్డ మనిషి నోట్లో పంతులుగారి భాష పెట్టినట్టయింది. సరిచేయడం తేలికే:

పాక హోటలు అరుగు మీదే
వేరు గ్లాసే ఇచ్చినారూ

'తీసి' పోయింది, చివర దీర్ఘం వచ్చింది. మాత్రలు అవే 14. 'మీదే'తో లోపలికి రానివ్వలేదన్న సంగతి కూడా తెలిసిపోయింది. కాబట్టి తప్పు ఛందస్సుది కాదు, తొందరది.

క్వీర్ బతుకు, అంటే ఆడ-మగ అనే మామూలు చట్రంలో ఇమడనివాళ్ల బతుకు, దగ్గరికొచ్చేసరికి చిక్కు మాత్రల్లో కాదు, క్రియలో ఉంది. కథ చెప్పడానికి సరం మేలు, కానీ కథ అనగానే 'వచ్చాడు', 'వచ్చింది' తప్పవు. ట్రాన్స్ మహిళను 'వచ్చాడు' అంటే ఆమెను కాదన్నట్టే. 'వచ్చింది' సరైనదే, కాకపోతే మన తెలుగులో బస్సుకీ గేదెకీ కూడా అదే క్రియ. 'వచ్చారు' అంటే మర్యాద మిగులుతుంది, మనిషి దూరమవుతుంది. 'వచ్చాను', 'వచ్చావు' లకు ఆడా మగా లేదు. అందుకే నేను, నువ్వులతో నడిచే వచన కవిత ఇక్కడ గెలుస్తుంది: ఎవరన్నది ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో లేదో కవి చేతిలో ఉంటుంది. పైగా మన ఉత్తరాంధ్ర యాసలో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. మధ్యలో ఉన్నది ఒక్క అక్షరం. పాదం విరవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు:

వీధి చివర నేను
ఇంకా గుంటనే
ఇంటి గడపలో మళ్లీ
డు

ఈ విరుపు కాగితం మీద కంటికి ఆనుతుంది. సభలో చదివితే 'డు' ముందు ఒక ఊపిరంత ఆగాలి, లేకపోతే నవ్వుతారు. సినిమాలు మన యాసను హాస్యానికి వాడీ వాడీ జనానికి ఆ అలవాటు చేశాయి. వచనంలో ఇంకో ప్రమాదం 'వివక్ష', 'అస్తిత్వం', 'అణచివేత' లాంటి మాటలు. మూడు పాదాల్లో మూడూ పడితే అది తీర్మానం అవుతుంది. గ్లాసు, గడప, రేషన్ కార్డులో పేరు: వీటిలో ఒక్కటి పట్టుకుని చివరిదాకా వదలకపోవడం మంచిది.

పాట మాటేమిటి? కూలి, భూమి, కులం గొడవకు ఇక్కడ పాటను మించింది లేదు. సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను (జముకు వాయిస్తూ చెప్పే జానపద కథ) శ్రీకాకుళ రైతాంగ ఉద్యమానికి వాడుకున్నదీ, జనకవి వంగపండు ప్రసాదరావు పాటతో జనాన్ని లేపిందీ ఈ నేల మీదే. పల్లవిలో 'మేము' ఉంటే వంతపాడేవాళ్లు తామే అందుకుంటారు, చదువు రానివాళ్లకీ నిలుస్తుంది. ఆ బలమే ఒంటరి గొంతుకు బరువు. పదిమంది 'మేము' అంటుంటే, ఇంట్లో ఇంకా నోరు విప్పని ఆ ఒక్క మనిషి వినిపించదు. పాటే కావాలనుకుంటే చరణాలు 'నేను'లో రాసి, పల్లవి 'మేము'లో ఉంచండి. పల్లవిని ప్రతి చరణానికీ ఎత్తుకోకండి, రెండు చరణాలకోసారి చాలు. ఆఖరి చరణం తర్వాత అసలే వద్దు, జముకును కూడా ఆపేసి ఆ చివరి 'నేను'ను ఒంటిగా పాడించండి.