పాత ల్యాప్‌టాప్, లినక్స్ మింట్: అప్‌డేట్ తర్వాత ఏదైనా పోతే ముందు పాత కెర్నెల్‌తో బూట్ చేయండి

2013 నాటి ఐ5 ల్యాప్‌టాప్ నాది. విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్. దాని 20వ వెర్షన్ నడుస్తున్నప్పటి నుంచీ దీని మీద మింటే, అదీ తేలికపాటి డెస్క్‌టాప్ ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. ఎలా ఎక్కించాలి, ఎంత ర్యామ్ తింటుంది లాంటివి ఎక్కడైనా దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి పోను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. ఎనిమిదో తరానికి ముందటి ఇంటెల్ ప్రాసెసర్లున్న మెషిన్లను, ఏ ఒకటో రెండో రకాలు తప్ప, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. అలాంటి మెషిన్ పెట్టుకుని ఇటువైపు చూస్తున్న వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌ను నడిపే, సిస్టమ్‌కు మూలమైన భాగం. కొత్త కెర్నెల్ ఎక్కినా పాతదాన్ని మింట్ వెంటనే తీసేయదు. ఇన్నేళ్ల వాడకంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది ఈ ఒక్క విషయాన్నే.

మింట్ 22.2 వచ్చాక కెర్నెల్‌ను 6.8 నుంచి 6.14కి మార్చాను. అప్‌డేట్ మేనేజర్‌లో వ్యూ మెనూ కింద లినక్స్ కెర్నెల్స్ అని ఉంటుంది, అక్కడి నుంచే. రీస్టార్ట్ అయ్యాక డెస్క్‌టాప్ ఎప్పటిలాగే వచ్చింది గానీ వైఫై లేదు. సిగ్నల్ తక్కువగా రావడమో, పాస్‌వర్డ్ అడగడమో కాదు, నెట్‌వర్క్ ఐకాన్ నొక్కితే అసలు వైఫై అన్న వరుసే లేదు. ఎఫ్12 కీ మీద చిన్న లైటు ఉంటుంది, వైఫై నడుస్తుంటే తెల్లగా, ఆపేస్తే నారింజ రంగులో. ఎన్నిసార్లు నొక్కినా అది నారింజ రంగులోనే ఉండిపోయింది.

హనుమకొండలో తెలిసిన రిపేరు అబ్బాయికి ఫోన్ చేశాను. "అన్నా, లైటు తెల్లగైతలేదంటే కార్డే ఖరాబైనట్టుంది. తీస్కరా, కొత్తది ఏస్త" అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. బయటికి కనిపించేవన్నీ పోయిన కార్డు లక్షణాలే, పైగా పన్నెండేళ్లు దాటిన మెషిన్. "ఒక్క గంట ఆగు తమ్మీ, నేనోసారి చూస్త" అని పెట్టేశాను.

ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వెంటనే వచ్చింది. ఇది గుర్తుపెట్టుకోండి, వైఫై పోయినప్పుడు అన్నిటికన్నా సులువైన దారి ఇదే. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ -కె (lspci -k) అనే కమాండ్ కొడితే హార్డ్‌వేర్ జాబితా వస్తుంది, అందులో వైఫై కార్డు పేరు ఉంది. ఉందంటే మదర్‌బోర్డు దాన్ని గుర్తిస్తోంది. కానీ దాని కింద ఉండాల్సిన "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అన్న వరుస లేదు. కార్డు ఉంది, దాన్ని నడిపే డ్రైవర్ లేదు.

ఆ తర్వాత మెషిన్ ఆపి, ఆన్ అవుతుండగా ఎస్కేప్ నొక్కి, ఏ కెర్నెల్‌తో బూట్ అవ్వాలో ఎంచుకునే గ్రబ్ మెనూ తెరిచాను. పాత బయోస్ పద్ధతిలో బూటయ్యే మెషిన్లయితే షిఫ్ట్ పట్టుకోవాలి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే 6.14 కింద పాత 6.8 అలాగే ఉంది. దాన్ని ఎంచుకున్నాను. లాగిన్ తెర రాకముందే ఎఫ్12 మీద లైటు తెల్లబడింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కార్డు బాగుందని, డబ్బు పెట్టక్కర్లేదని, తప్పంతా సాఫ్ట్‌వేర్‌లోనే ఉందని ఒక్క రీస్టార్ట్‌తో తేలిపోయింది.

కారణం ఇదీ. నా వైఫై చిప్‌కు సరిగ్గా పనిచేసే డ్రైవర్ కెర్నెల్‌లో భాగంగా రాదు. తయారీ కంపెనీ ఇచ్చిన, పూర్తి సోర్స్ కోడ్ బయటపెట్టని డ్రైవర్‌ను విడిగా ఎక్కించుకోవాలి. కెర్నెల్ మారిన ప్రతిసారీ డీకేఎంఎస్ అనే సాధనం ఆ డ్రైవర్‌ను కొత్త కెర్నెల్‌కు సరిపడేలా మళ్లీ కంపైల్ చేస్తుంది, అంటే కోడ్ నుంచి కొత్తగా తయారు చేస్తుంది. కెర్నెల్ లోపలి ఫంక్షన్లు మారిపోయి, డ్రైవర్ కోడ్ పాతదిగానే ఉంటే కంపైల్ విఫలమవుతుంది. డీకేఎంఎస్ స్టేటస్ (dkms status) అని కొట్టి చూస్తే 6.8కి ఎదురుగా ఇన్‌స్టాల్డ్ అని ఉంది, 6.14కి అసలు వరుసే లేదు. అదే కెర్నెల్స్ కిటికీలో 6.14ను తీసేసి 6.8కే ఉండిపోయాను. నష్టమేమీ లేదు, మింట్ 22తో వచ్చిన 6.8కి కూడా 2029 ఏప్రిల్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. కొత్త కెర్నెల్‌లో చేరేది ఎక్కువగా కొత్త హార్డ్‌వేర్‌కు సపోర్ట్, నా పాతదానికి అందులో ఒరిగేది తక్కువే.

ఇదే పరీక్ష సౌండ్‌కూ, టచ్‌ప్యాడ్‌కూ, మూత తెరిస్తే తెర నల్లగా ఉండిపోయే జబ్బుకూ పనికొస్తుంది. పాత కెర్నెల్‌లో పనిచేసి కొత్తదాంట్లో చేయకపోతే పార్టు పోలేదన్నమాట. రెండింట్లోనూ పనిచేయకపోతే అప్పుడు షాపుకు వెళ్లండి. అందుకే కొత్త కెర్నెల్‌తో కొన్నాళ్లు నడిపి, అన్నీ సరిగ్గా ఉన్నాయనుకున్నాకే పాతది తీసేయండి.

మింట్ ఎక్కిస్తే ఇక డ్రైవర్ల గొడవే ఉండదని నేను చాలామందికి చెప్పాను. డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉండే చిప్‌లకు ఆ మాట ఇప్పటికీ నిజం. ఇంటెల్, పాత అథెరాస్ కార్డులున్న మెషిన్లు మా చుట్టాల ఇళ్లలో ఏ అప్‌గ్రేడ్‌కూ మొరాయించలేదు. నాలాంటి చిప్ ఉంటే మాత్రం కెర్నెల్ మార్చే ముందు ఓసారి ఆలోచించాలి. సిస్టమ్ నకళ్లను (స్నాప్‌షాట్లు) దాచి, అవసరమైతే వెనక్కి తెచ్చే టైమ్‌షిఫ్ట్‌ను కూడా బాగా పొగిడాను. అది మంచి సాధనమే, కానీ 120 జీబీ ఎస్‌ఎస్‌డీ మీద స్నాప్‌షాట్లు త్వరగానే చోటు తినేస్తాయి, పైగా మన సొంత ఫైళ్లను మామూలుగా అది దాచదు. వాటికి వేరే బ్యాకప్ తప్పదు. వీడియోల సంగతి కూడా చెప్పాలి. యూట్యూబ్ ఎక్కువగా వాడే వీపీ9 వీడియో ఫార్మాట్‌కు ఈ తరం ప్రాసెసర్‌లో ప్రత్యేక డీకోడర్ లేదు కాబట్టి పెద్ద రిజల్యూషన్‌లో యూట్యూబ్ పెడితే ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది.

నా పని తెలుగు ప్రూఫులు దిద్దడం. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంటే రోజు గడిచిపోతుంది. ఆ మేరకు ఈ ల్యాప్‌టాప్‌ను ఇంకొన్నేళ్లు మార్చే ఉద్దేశం లేదు. అను ఫాంట్లతో పేజ్‌మేకర్ మీద డీటీపీ చేసేవాళ్లకు మాత్రం దీన్ని సిఫారసు చేయలేను, వాళ్ల పని విండోస్‌తోనే ముడిపడి ఉంది. మిగతావాళ్లు ఎక్కించుకునే ముందు లైవ్ యూఎస్‌బీ మీద, అంటే మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, ఎల్‌ఎస్‌పీసీఐ -కె కొట్టి, మీ వైఫై కార్డు కింద ఏ డ్రైవర్ పేరు వస్తుందో చూసుకోండి.