ఈమ్ ఊరు చూడండి, మేము దిగిన చోట మాత్రం దిగకండి

ఇంగ్లండులో డెర్బీషైర్ కొండల మధ్య ఉన్న ఈమ్ గ్రామం మీద నాకే ఫిర్యాదూ లేదు. నా కోపమంతా మేము బస చేసిన అతిథి గృహం మీదే. గదికి రాత్రికి 110 పౌండ్లు. హీటరు పదింటికల్లా ఆగిపోయింది. ఇంకో దుప్పటి అడిగితే 6 పౌండ్లు అదనమన్నారు. పైగా, మే నెలలో చలేమిటని యజమానురాలి ఆశ్చర్యం! గుంటూరు ఎండల నుంచి వచ్చిన మా అమ్మ స్వెటరు మీద నా కోటు వేసుకుని, కూర్చునే కునికిపాట్లు పడింది. "మన ఊళ్లో అయితే పక్కింటికెళ్లి తెచ్చుకునేవాళ్లం కదరా" అంది. పొద్దున తొమ్మిది దాటి ఐదు నిమిషాలైందని ఫలహారం పెట్టలేదు. రొట్టెలు బల్ల మీద కనబడుతూనే ఉన్నాయి. బిల్లులో మాత్రం ఫలహారం ఖర్చు కలిపే ఉంది. డబ్బు వెనక్కి ఇమ్మని రాస్తే ఇంతవరకూ జవాబు లేదు.

ఆ ఆకలితోనే ఊరు తిరిగాం. 1665లో లండన్ నుంచి దర్జీ ఇంటికి వచ్చిన బట్టల మూటతో ఇక్కడికి ప్లేగు చేరిందని చెబుతారు. మూట విప్పిన పనివాడు జార్జ్ వికార్స్ కొద్ది రోజుల్లోనే చనిపోయాడు. మరుసటేడు మతాధికారి విలియం మాంపెసన్, అంతకుముందు అదే పదవిలో ఉన్న థామస్ స్టాన్లీ కలిసి, ఎవరూ పొలిమేర దాటకూడదని ఊరివాళ్లను ఒప్పించారు. దాదాపు 260 మంది పోయారు. మాంపెసన్ భార్య కేథరిన్ సమాధి చర్చి ఆవరణలోనే ఉంది. దగ్గర్లోనే ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ. చనిపోయినవాళ్ల ఇళ్ల ముందు పేర్లతో పలకలు పెట్టారు. వాటిని చదువుతూ నడవడానికి పైసా ఖర్చు లేదు.

పక్క ఊరు స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల్లో ఉన్న సరిహద్దు రాయి దగ్గర అమ్మ చాలాసేపు ఆగిపోయింది. దాని మీద ఆరు గుంటలు. రోగం అంటకుండా వాటిలో వెనిగర్ పోసి ఊరివాళ్లు నాణేలు వేస్తే, బయటివాళ్లు అవి తీసుకుని సరుకులు పెట్టి వెళ్లేవారట. అమ్మ ఒక గుంటలో వేలు పెట్టి చూసింది. అంచులు నున్నగా అరిగిపోయాయి, లోపల వాననీళ్లున్నాయి. రైలీ సమాధుల దగ్గర మాత్రం నిలబడలేకపోయింది: 1666 ఆగస్టులో ఎలిజబెత్ హాన్కాక్ ఎనిమిది రోజుల్లో భర్తనూ ఆరుగురు పిల్లలనూ తానే పూడ్చిపెట్టిన చోటది.

మ్యూజియం ఫరవాలేదు, పైకప్పు మీద గాలివాటం చూపే ఎలుక బొమ్మ మా ఆవిడకు తెగ నచ్చింది. టీ దుకాణంలో 4 పౌండ్ల 20 పెన్నీలకు టీ, స్కోను (బన్నులాంటి చిన్న రొట్టె) ఇచ్చారు. అమ్మ టీ చిక్కగా కావాలంటే ఆ అమ్మాయి విసుక్కోకుండా మళ్లీ కాచి తెచ్చింది, అదనంగా ఏమీ తీసుకోలేదు.

బేక్‌వెల్‌లోనో షెఫీల్డ్‌లోనో బస చేసి పగటిపూట వెళ్లిరండి. రైలీ సమాధులకు ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను బలవంతపెట్టకండి.