నల్లమలలో కాలినడక: వెంకటాపురం దారి, అహోబిలం, సలేశ్వరం

వెంకటాపురం నుంచి శ్రీశైలానికి అడవి మీదుగా సాగే పాత నడకదారిని, ఎగువ అహోబిలం చుట్టూ ఉన్న నారసింహ క్షేత్రాల బాటలను, చైత్ర పౌర్ణమికి తెరిచే సలేశ్వరం లోయను వేర్వేరు సంవత్సరాలలో నడిచి చూసిన తరువాత, ఈ మూడింటిలో ఏది గొప్పదని అడిగేవారికి ఒక్క మాటలో జవాబు చెప్పలేనని నాకు అర్థమైంది. ఎవరు నడుస్తున్నారు, ఏ నెలలో నడుస్తున్నారు, వెంట ఎవరున్నారు అన్నదానిని బట్టి జవాబు మారుతుంది. నీళ్లు ఎక్కడ దొరుకుతాయో, ఏ వేళకు ఎక్కడికి చేరాలో తెలిసిన చెంచు మనిషి ముందు నడుస్తుంటే మాత్రం మూడు దారులూ క్షేమంగా సాగుతాయి. అటువంటి తోడు లేనప్పుడు ఎంత ఖరీదైన సామాను మోసుకెళ్లినా ఈ అడవిలో దాని విలువ స్వల్పమే.

దారుల సంగతికి ముందు అనుమతుల సంగతి చెప్పాలి. కృష్ణకు దక్షిణాన ఉన్న నల్లమలలో అధికభాగం నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం కిందకు వస్తుంది. రాష్ట్ర విభజన తరువాత ఉత్తరాన తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. ఇక్కడ ఇష్టం వచ్చిన చోట నడవడానికి, గుడారం వేయడానికి, నిప్పు రాజేయడానికి చట్టం ఒప్పుకోదు. వెంకటాపురం దారిని యాత్రికుల కోసం మహాశివరాత్రికి, ఉగాదికి ముందు కొన్ని రోజులు మాత్రమే తెరుస్తారు. సలేశ్వరం చైత్ర పౌర్ణమి జాతరకే తెరుచుకుంటుంది. మిగతా రోజులలో తెలిసినవారి ద్వారా లోపలికి తీసుకెళ్తామని డబ్బు అడిగేవారు అక్కడక్కడా తారసపడతారు. వారి మాట నమ్మి వెళ్లడం నేరమే కాక, ఏ ప్రమాదం జరిగినా అడవిలో మన జాడ ఎవరికీ తెలియని స్థితిని కొని తెచ్చుకోవడం. అటవీశాఖ తనిఖీ కేంద్రంలో పేరు రాయించుకొని, ప్లాస్టిక్ సంచులు, సీసాలు అక్కడే వదిలి కదలడం మొదటి క్రమశిక్షణ.

కర్నూలు నుంచి ఆత్మకూరు సుమారు 70 కిలోమీటర్లు. అక్కడికి దగ్గరలోని వెంకటాపురంలో తారురోడ్డును విడిచి అడవిలోకి అడుగు పెడితే, శ్రీశైలం చేరడానికి ఇంచుమించు 40 కిలోమీటర్ల నడక. ముందుగా నాగలూటి వస్తుంది. అక్కడి వీరభద్రస్వామి ఆలయం వద్ద యాత్రికులు ఆగి, ఎండ తగ్గాక కొండ ఎక్కడం మొదలుపెడతారు. శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించిన కీర్తి 14వ శతాబ్దంలో పాలించిన ప్రోలయ వేమారెడ్డిది. ఈ దారిలో అరిగిపోయిన రాతిమెట్లు కనబడిన ప్రతిచోటా, ఆరేడు వందల ఏళ్లుగా ఎందరి పాదాలు వీటిని నునుపు చేశాయో అన్న ఆలోచన రాకమానదు. మెట్లు దాటాక సాగే నడక చాలావరకు వెదురు, టేకు, నల్లమద్ది చెట్ల మధ్య ఎత్తుపల్లాల మీద ఉంటుంది. మార్చిలో ఆకులు రాలిపోయి నీడ పలచబడుతుంది కాబట్టి, ఉదయం పదిన్నర తరువాత నడక ఆపి సాయంత్రం నాలుగింటికి తిరిగి మొదలుపెట్టడం మేలు. చీకటి పడకముందే తరువాతి మజిలీ చేరాలన్న నియమాన్ని మాత్రం ఏ కారణం చేతనూ తప్పకూడదు.

పెచ్చెరువు ఈ దారికి నడిమి మజిలీ. పేరుకు తగ్గట్టు అక్కడ చెరువు, దాని సమీపంలో చెంచుగూడెం ఉన్నాయి. యాత్రా దినాలలో స్వచ్ఛందంగా అన్నదానం చేసేవారు ఇక్కడ పందిళ్లు వేసి, అన్నం, సాంబారు, మజ్జిగ వడ్డిస్తారు. ఉగాదికి ముందు వచ్చే కన్నడ యాత్రికులలో చాలామంది ఉత్తర కర్ణాటక నుంచి వారాల తరబడి నడిచి వస్తారు. తెల్లవారుజామున మూడింటికే లేచి, తక్కువ బరువుతో, గుంపు చెదరకుండా నడిచే వారి పద్ధతిని చూసి నేర్చుకోవలసింది ఎంతో ఉంది. భోజన వసతి విషయంలో ఈ దారికి నేను నిండు మార్కులు వేస్తాను. మరుగుదొడ్ల విషయంలో ఆ మాట చెప్పలేను. వేలమంది ఒకేసారి వచ్చే చోట ఉన్న తాత్కాలిక ఏర్పాట్లు చాలవు. స్త్రీలు మరింత ఇబ్బంది పడతారు. చిన్న తవ్వుగోల ఒకటి తీసుకెళ్లి, నీటి వనరుకు కనీసం అరవై డెబ్బై మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వి, పని పూర్తికాగానే మట్టి కప్పడం ప్రతి ఒక్కరూ పాటించవలసిన విధి. ఆ చెరువు నీటినే గూడెంలోని పిల్లలు తాగుతారన్న సంగతి గుర్తుంచుకుంటే ఇది కష్టమనిపించదు.

పెచ్చెరువు దాటాక వచ్చే భీముని కొలను ఈ నడకలో అన్నిటికంటే అందమైన చోటు, అన్నిటికంటే కఠినమైన చోటు కూడా. దారి లోతైన లోయలోకి దిగుతుంది. కొలను దగ్గర దాహం తీర్చుకొని తలెత్తితే, ఎదురుగా మళ్లీ అంత ఎత్తూ ఎక్కి, నడిచి వచ్చేవారికి శ్రీశైల ప్రవేశమైన కైలాసద్వారం చేరాలని తెలుస్తుంది. మోకాళ్ల నొప్పి ఉన్నవారికి ఎక్కడం కంటే దిగడమే ప్రమాదకరం. చేతికర్రను ముందు మెట్టు మీద ఆనించి, అడుగును అడ్డంగా పెట్టి దిగాలి. ఈ ఎక్కుడును మధ్యాహ్నం మొదలుపెట్టి వడదెబ్బతో కూలబడినవారిని నేను చూశాను. రాత్రి పెచ్చెరువులో ఉండి, వెలుగు రాగానే గుంపుతో బయలుదేరి, ఎండ ముదరకముందే కైలాసద్వారం చేరేటట్టు లెక్క వేసుకోవడం ఉత్తమం.

మా వెంట నడిచిన చెంచు పెద్దాయన దగ్గర నేర్చుకున్న విద్యలలో మొదటిది నీటికి సంబంధించినది. ఎండిన వాగులో ఎక్కడ పడితే అక్కడ ఆయన తవ్వలేదు. వాగు వంపు తిరిగే చోట, బయటి ఒడ్డు వైపు, పచ్చగా మిగిలిన చెట్టు వేరు దిగిన ఇసుకను ఎంచుకొని మోచేతి లోతు చెలమ తీశారు. మొదట ఊరిన బురద నీటిని రెండు మూడుసార్లు తోడి పారబోసి, తేట నీరు ఊరేవరకు ఓపికగా కూర్చున్నారు. ఇసుక నీటిని వడకడుతుందే తప్ప క్రిములను చంపదు కాబట్టి, మనవంటివారు ఆ నీటిలో క్లోరిన్ బిళ్ల వేసి, పొట్లం మీద రాసిన కొలత ప్రకారం అరగంట ఆగిన తరువాతే తాగాలి. అసలు చెలమ మీద ఆధారపడే అవసరం రాకుండా, మనిషికి రోజుకు నాలుగైదు లీటర్లు కావాలన్న లెక్కతో ప్రతి మజిలీలోనూ నింపుకోవాలి.

రెండవది జంతువుల జాడను చదవడం. పులి గురించి భయపడుతూ వచ్చేవారికి ఆయన ఎలుగుబంటి గురించి హెచ్చరిక చేశారు. ఇప్పపూలు రాలేది సరిగ్గా ఉగాది నాటికే. తెల్లవారుజామున ఆ పూల కోసం ఎలుగులు చెట్ల కిందకు చేరతాయి. ఇప్పచెట్టు కనబడగానే నడక నెమ్మదించి, గట్టిగా మాట్లాడుతూ, కర్రతో రాతి మీద చప్పుడు చేస్తూ పోవాలి. కొత్తగా తవ్విన చెదపుట్ట, దాని పక్కన తడి ఆరని మట్టి ఉంటే ఎలుగు దగ్గరలోనే ఉండి ఉండవచ్చు. కొండ చరియలకు వేలాడే పెద్ద తేనెపట్టుల కింద మాత్రం ఇందుకు విరుద్ధంగా, సెంటు వాసన, పొగ, కేకలు లేకుండా త్వరగా దాటిపోవాలి.

అదే కొండ తేనెను చెంచులు నారతో పేనిన తాళ్ల మీద చరియకు దిగి తీస్తారు. పైన తాడు దగ్గర కాపలాకు బావమరిదిని నిలబెడతారని, అక్క పసుపు కుంకుమలు నిలవాలన్న పట్టుదల అతనికి ఉంటుందన్న నమ్మకమే ఆ ఆచారానికి కారణమని చెబుతారు. చెకుముకి రాయి మీద ఉక్కు ముక్కతో కొట్టి, బూరుగు దూదికి నిప్పురవ్వ అంటించడం, మోదుగ ఆకులను సన్నని వెదురు పుల్లలతో విస్తరిగా కుట్టడం, నేలలోని గడ్డలను తీగ చూసి గుర్తుపట్టి, తీగ మొదలును తిరిగి మట్టిలో కప్పి రావడం వంటివన్నీ ఆయన గూడెంలో కూర్చుని చూపించారు. వీటిని గూడెం వాకిట్లో నేర్చుకోవడమే సరైనది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఎండుటాకులతో నిండిన అడవిలో సందర్శకుడు నిప్పు వేస్తే అది సరదాగా ముగియదు. అటవీ ఫలసాయం మీద హక్కు కూడా అక్కడ బతికేవారిదే, మనది కాదు.

అహోబిలం సంగతి వేరు. ఆళ్లగడ్డ నుంచి బస్సు దిగువ అహోబిలం వరకు, అక్కడి నుంచి సుమారు 8 కిలోమీటర్ల దూరంలోని ఎగువ అహోబిలం వరకు వెళుతుంది. ఎగువ ఆలయం నుంచి భవనాశి వాగు పక్కగా జ్వాలా నారసింహుని సన్నిధికి సాగే బాటలో మెట్లు, ఇనుప వంతెనలు ఉన్నాయి. నడవలేనివారికి డోలీలు దొరుకుతాయి. అద్దెకు ఇచ్చే చేతికర్రను కాదనకుండా తీసుకోండి. కుటుంబంతో, పెద్దవారితో వచ్చేవారికి మూడింటిలో ఇదే అనువైనది. నరసింహుడు వెలువడిన స్తంభమని భక్తులు నమ్మే ఉగ్రస్తంభం శిఖరం మీదికి ఎక్కడం మాత్రం ఈ కోవలోకి రాదు. బాట రాళ్ల మధ్య పదేపదే మాయమవుతుంది. చివరి భాగంలో చేతులు కూడా ఉపయోగించి ఎక్కాలి. వానకు రాయి జారుతుంది. స్థానిక దారి చూపరి లేకుండా ఆ వైపు వెళ్లకూడదని గట్టిగా చెబుతాను. వర్షాలు తగ్గి వాగులో నీరు మిగిలి ఉండే నవంబరు నుంచి జనవరి వరకు ఇక్కడికి తగిన కాలం. బసకు దిగువ అహోబిలంలో పర్యాటక సంస్థ వారి హరిత అతిథిగృహం, మఠానికి చెందిన వసతి ఉన్నాయి. తెల్లవారే నడక మొదలుపెట్టాలనుకునేవారు ముందురోజు సాయంత్రానికే అక్కడికి చేరుకోవాలి.

సలేశ్వరం గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. తెలంగాణ వైపున్న మన్ననూరు దాటి ఫర్హాబాద్ మీదుగా అడవిలోకి వెళ్లి, వాహనం దిగి, లోయలోకి నడిస్తే ఎత్తైన రాతిగోడల నడుమ జలధార, గుహలో లింగమూర్తి దర్శనమిస్తాయి. పూజారులు చెంచులే. చోటు అద్భుతమైనది, కానీ ఏడాదిలో కొద్ది రోజులకే జనమంతా ఒకేసారి రావడంతో ఇరుకు బాటలో ఎదురెదురుగా దిగేవారు, ఎక్కేవారు ఇరుక్కుపోతారు. పై నుంచి దొర్లే రాయి, ఊపిరాడని తొక్కిసలాట ఇక్కడి అసలు ప్రమాదాలు. చిన్నపిల్లలతో, గుండెజబ్బు ఉన్నవారితో వెళ్లవద్దని నా సలహా. వెళ్లదలచినవారు పౌర్ణమి నాటి రద్దీని తప్పించి, అనుమతించిన మొదటి రోజు ఉదయాన్నే దిగి, తొమ్మిది గంటలలోపు పైకి వచ్చేయడం మంచిది.

అడవి నడక కొత్తవారు ఈ మూడింటిలో దేనికీ సూటిగా వెళ్లకుండా, ముందు ఆత్మకూరు దగ్గరి బైర్లూటిలోనో, నంద్యాల–గిద్దలూరు దారిలోని పచ్చర్లలోనో అటవీశాఖ నిర్వహించే విడిదిలో ఒక రాత్రి ఉండి చూడాలి. గదులు ఆడంబరంగా ఉండవు, భోజనం ఇంటి తీరుగా ఉంటుంది, అడవి రాత్రి ఎలా ఉంటుందో భద్రంగా తెలుస్తుంది. ఆత్మకూరు–దోర్నాల రహదారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు కాబట్టి, ఆలస్యమైతే తనిఖీ కేంద్రం దగ్గరే తెల్లవారవలసి వస్తుంది. శ్రీశైలంలో దేవస్థానం వసతి గృహాలు, కుల సత్రాలు చాలానే ఉన్నా, పండుగ రోజులలో నడిచి వచ్చి గది వెతుక్కోవడం వృథా ప్రయాస. ముందుగా ఖాయం చేసుకోని పక్షంలో యాత్రికుల కోసం వేసే పందిళ్లలోనే పడుకోవడానికి సిద్ధపడి రావాలి. నేను దిగిన ఒక ప్రైవేటు బసలో చెప్పిన ధరకు, చివరికి తీసుకున్న ధరకు చాలా తేడా వచ్చింది. అప్పటి నుంచి ముందే రాతపూర్వకంగా ధర తీసుకుంటున్నాను.

సామానులో తప్పనిసరి అనదగినవి కొద్దే. కొత్త బూట్లు వద్దు, కనీసం నెల రోజులు తొడిగి మెత్తబడినవి కావాలి. నూలు తువ్వాలు, దుప్పటి, తలకు కట్టే దీపం, ఈల, ఓఆర్ఎస్ పొట్లాలు చాలు. పొట్లం అయిపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకోవచ్చు. ఈ కొలతకు టీ చెంచానే వాడాలి, ఉప్పు ఎక్కువైతే హాని. సాయంత్రం విడిదిలో మడమలు, చంకలు, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. పాము కరిస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం చేయకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రతో వదులుగా కట్టి, మనిషిని నడిపించకుండా మోసుకొని, దగ్గరను బట్టి ఆత్మకూరుకో శ్రీశైలం పక్కనున్న సున్నిపెంటకో ఆసుపత్రికి చేర్చాలి. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది కనుక, పామును చంపి తీసుకురావడానికి సమయం పోగొట్టుకోవద్దు. లోయలో ఫోను పనిచేయదు. గుంపులో వేగంగా నడవగల ఇద్దరిని కబురు తీసుకెళ్లడానికి ముందే నిర్ణయించుకోవాలి.

దారి చూపరికి ఇచ్చే కూలి విషయంలో బేరం ఆడేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. పులుల జాడ పట్టే పనిలో అటవీశాఖ సైతం చెంచుల కంటి మీద, కాలి మీద ఆధారపడుతుంది. మనం అద్దె కారుకు రోజుకు ఎంత చెల్లిస్తామో అంతకు తగ్గకుండా ఆయనకు ఇవ్వడం న్యాయం. తిరుగు ప్రయాణపు ఖర్చు, ఆయన తిండి, బస మన బాధ్యతే. మద్యం సీసా కానుకగా తీసుకెళ్లే అలవాటు కొందరు యాత్రికులలో ఉంది, దానిని పూర్తిగా మానుకోవాలి. డబ్బు నేరుగా ఆయన చేతికే, శ్రీశైలం చేరిన వెంటనే, ఆయన తిరిగి వెళ్లే బస్సు ఎక్కకముందే ఇవ్వండి.