డీఎన్‌ఎస్సా, మెరైన్ బీటెక్కా, మెకానికల్ చేసి పోవడమా: షిప్పెక్కాలనుకునే ఇంటర్ పిలకాయలకి ఏది మేలు?

షిప్పు దిగి లీవులో తిరుపతికొచ్చినప్పుడల్లా ఇంట్లో ఇదే పంచాయితీ. ఈసారి మా చిన్నమ్మ కొడుకు, ఎంపీసీ సెకండియర్, "అన్నా నేనూ షిప్పుకి పోతా, డీఎన్‌ఎస్ మేలా మెరైన్ ఇంజినీరింగ్ మేలా" అని కూర్చున్నాడు, వాళ్ళ నాయనేమో పక్కన చేరి జీతమెంతొస్తాది అని అదొక్కటే అడగతా ఉండాడు. మన పక్క దీని గురించి చెప్పేవాళ్ళు శానా తక్కువ. చిత్తూరు తోతాపురి గుజ్జు డ్రమ్ములు కంటైనర్లెక్కి చెన్నై పోర్టు దాటి దేశాలు పోతాయి గానీ, షిప్పు ఉద్యోగమంటే మనోళ్ళకి నేవీ తెల్ల డ్రెస్సే గుర్తొస్తాది. అది వేరప్పా, ఇది సరుకు షిప్పులు, మర్చంట్ నేవీ. దీంట్లో డీఎన్‌ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) అంటే డెక్ సైడు కోర్సు, మెరైన్ ఇంజినీరింగ్ అంటే ఇంజిన్ సైడు.

కోర్సు కంటే ముందు కండ్లు. డెక్ సైడు అంటే షిప్పు నడిపే సైడుకి అద్దాల్లేకుండానే చూపు బాగుండాల, ఇంజిన్ సైడుకి కొంచెం పవరుంటే ఒప్పుకుంటారు, రంగులు సరిగ్గా కనబడకపోతే మాత్రం రెండిటికీ తలుపులు మూసినట్టే. ఆ రంగు చుక్కల్లో నెంబర్లు చదివించే టెస్టు పది నిమిషాల పని, ఏ కంటి డాక్టరైనా చేస్తాడు. నాతో కోచింగుకొచ్చినోడొకడు ర్యాంకు తెచ్చుకున్నాక ఆ టెస్టులో పోయినాడు, ఒక ఏడాది అట్లే గంగలో కలిసింది.

సరే, డీఎన్‌ఎస్. ఒక ఏడాది కాలేజీ, తర్వాత 18 నెలలు షిప్పులో కేడెట్టుగా, తర్వాత పరీక్షలు రాసి పాసైతే థర్డ్ ఆఫీసరు. అన్నీ కుదిరితే 21, 22 ఏళ్ళకే మంచి సంపాదన, నీ ఫ్రెండ్సు అప్పటికి ఫైనలియర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటా ఉంటారు. పైకి పోతే కెప్టెన్. అయితే దీనికి ఐఎంయూ సెట్ (ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఎంట్రన్స్) ర్యాంకొక్కటే చాలదు, ఏదో ఒక షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్ చేయాల, అంటే కోర్సయినాక మా షిప్పులో తీసుకుంటామని లెటరియ్యాల, వాళ్ళ టెస్టులు ఇంటర్వ్యూలు వేరే ఉంటాయి, ఇంగ్లీషులో నోరు విప్పకపోతే అక్కడే ఆగిపోతావు. ఇంకొకటి, ఎవురూ చెప్పనిది. రెండు కాంట్రాక్టులు చేసినాక సముద్రం పడలేదనుకో, దిగి ఇంటికొస్తే ఆ కాగితం పట్టుకోని తిరుపతిలో యాడికి పోతావు?

మెరైన్ బీటెక్ నాలుగేళ్ళు. నేను చేసింది ఇదే. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ 2008లో పెట్టినారు, హెడ్డాఫీసు చెన్నైలోనే, మనకి బస్సెక్కితే మధ్యాహ్నానికి పోవచ్చు. ఫీజు ఏడాదికి రెండు లక్షల పైనే, ప్రైవేటులో ఇంకా ఎక్కువ. అయిపోయినాక ఆరు నెలలు షిప్పులో జూనియర్‌గా చేసి క్లాస్ ఫోర్ పరీక్ష పాసైతే ఫోర్త్ ఇంజినీరు. పని సంగతి చెప్పాలంటే, డెక్ వాళ్ళు పైన బ్రిడ్జి అనే షిప్పు నడిపే ఏసీ గదిలో రాడార్ చూసుకుంటా వాచ్ చేస్తారు (వాళ్ళకీ ఎండలో తుప్పు గీకే రోజులుంటాయిలే), మేము కింద కాలే ఇంజిన్ పక్కన ఆయిల్ ప్యూరిఫయర్లు విప్పి కడగతా ఉంటాం, బాయిలర్ మసి ముక్కులోకి పోయి రెండు రోజులైనా వదలదు. కానీ దిగొస్తే షిప్‌యార్డు ఉంది, పవర్ ప్లాంటు ఉంది, డీజిల్ జనరేటర్లు ఉండే చోటంతా ఉంది. నష్టమేందంటే, స్పాన్సర్ లేకుండా చేరితే డిగ్రీ చేతికొచ్చినాక ఫస్ట్ షిప్పు దొరకడమే గగనం, నేనే పది నెలలు ఇంట్లో కూర్చున్నా, కనబడినోడల్లా "ఏం నాయనా ఇంకా పోలేదా" అని అడిగేవాడు.

మూడోది జీఎంఈ (గ్రాడ్యుయేట్ మెరైన్ ఇంజినీరింగ్), దీన్ని ఇంటర్ పిలకాయలు అసలు పట్టించుకోరు. ఇక్కడే ఎస్వీయూలోనో ఇంకో కాలేజీలోనో మామూలు మెకానికల్ చేసి, ఆ తర్వాత ఒక ఏడాది మెరైన్ ట్రైనింగ్ తీసుకుంటే అదే ఫోర్త్ ఇంజినీరు దారిలో పడతావు. ఎలక్ట్రికల్ వాళ్ళకి ఈటీఓ (ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్) అని ఇట్లాంటిదే చిన్న కోర్సు ఉంది. ఒక ఏడాది ఎక్కువే పోతాది, ఒప్పుకుంటా, కానీ 17 ఏళ్ళకి తీసుకోవాల్సిన నిర్ణయం 21కి జరుగుతాది, అప్పటికీ మోజు తగ్గకపోతే పో, తగ్గితే మెకానికల్ డిగ్రీ యాడికీ పోదు. షిప్పులంటే ఇష్టం గానీ నెలల తరబడి నీళ్ళమీద ఉండలేం అనేవాళ్ళకి వైజాగ్ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ ఉంది, షిప్పు డిజైన్ చేసే చదువు.

టెన్త్‌తో ఆరు నెలల జీపీ రేటింగ్ గురించి కూడా అడిగినాడు. ఇంటర్ ఎంపీసీ మార్కులుండి దానికి పోవద్దు, అది కలాసీ లైను, అక్కడినించి ఆఫీసరు కావచ్చు గానీ ఏళ్ళు పడతాది. పైగా మోసాలన్నీ దీంట్లోనే. మా వీధిలో ఒకాయన కొడుకు కోసం మామిడి తోట కుదవపెట్టి ఏజెంటుకి డబ్బులు కట్టినాడు, షిప్పూ లేదు ఏజెంటూ లేడు. షిప్పింగ్ చూసే కేంద్ర ప్రభుత్వ ఆఫీసు డీజీ షిప్పింగ్ సైట్లో అప్రూవ్డ్ కాలేజీల లిస్టుంటాది, ఉద్యోగాలకి పంపే కంపెనీకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాల, ఈ రెండూ చూడకుండా రూపాయి ఇయ్యొద్దు.

మావాడికైతే ఇట్ల చెప్పినా: చూపు బాగుండి స్పాన్సర్ లెటరు చేతికొస్తే డీఎన్‌ఎస్, ఇంకో ఆలోచనే వద్దు. లెటరు రాకపోతే మెకానికల్, తర్వాత జీఎంఈ. నేను చదివిన మెరైన్ బీటెక్‌ని మూడో ప్లేసులో పెడతా ఉండానని నవ్వినాడు, లోన్ కట్టినోడికి తెలుస్తాది అని నేనన్నా. సెట్ రాయాలంటే ఇంటర్ మ్యాథ్స్ ఫిజిక్స్ కెమిస్ట్రీ కలిపి 60 శాతం, ఇంగ్లీషులో టెన్త్‌లో గానీ ఇంటర్లో గానీ 50 ఉండాల. కెమిస్ట్రీ ఎట్లుందిరా అంటే మాట మార్చి, అన్నా షిప్పులో వైఫై ఉంటాదా అన్నాడు.