హక్కు, ఇల్లు, పన్ను: మహిళల ఓటుకు ఏ వాదన మేలు?

ఏటా మార్చి నెల దగ్గరపడగానే వక్తృత్వ పోటీలకు తయారవుతున్న విద్యార్థినులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు. అమెరికాలో మహిళల ఓటు కోసం పోరాడినవారు చేసిన వాదనల్లో దేన్ని పట్టుకుంటే మాట నిలుస్తుందని. 1848 నాటి సెనెకా ఫాల్స్ మహిళా హక్కుల సభ గురించీ, మహిళలకు ఓటు ఇచ్చిన అమెరికా రాజ్యాంగ 19వ సవరణ గురించీ తెలిసినవారే ఇలా అడుగుతారు కనుక ఆ చరిత్రను మళ్లీ మొదటినుంచి చెప్పబోవడం లేదు. ప్రధానమైన వాదనలు మూడు. పన్ను కడుతున్నాం కనుక ఓటు ఇవ్వాలన్నది ఒకటి, ఇంటినీ ఊరినీ బాగుచేస్తాం కనుక ఇవ్వాలన్నది రెండవది, మనుషులం కనుక అది మాదేనన్నది మూడవది.

పన్ను వాదన వినడానికి అన్నిటికంటే ఇంపైనది. ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదంటూ బ్రిటన్ మీద తిరగబడిన దేశంలో ఆ మాటనే ఆడవారు తిప్పి అడిగితే మగవారికి బదులు తోచేది కాదు. కనెక్టికట్ రాష్ట్రంలోని గ్లాస్టన్‌బరీలో డెబ్బై దాటిన అబీ స్మిత్, ఎనభై దాటిన ఆమె అక్క జూలియా ఓటు లేకుండా పన్ను కట్టబోమని భీష్మించుకున్నారు. 1874 జనవరిలో పన్ను వసూలుదారు వారి ఏడు ఆవులను తోలుకుపోయి వేలం వేశాడు. ఆ తరువాత ఒక సభలో అబీ, తమ దగ్గర మిగిలినవి టాక్స్ (పన్ను), వోట్ అనే మాటల మీద పేర్లు పెట్టిన టాక్సీ, వోటీ అనే రెండు ఆవులేనని, గడప దాటితే చాలు టాక్సీ ఎదురొచ్చి మీద పడుతుందని, వోటీ మాత్రం బిడియపడుతూ దూరంగా ఉంటుందని చెప్పింది. పన్నుకూ ఓటుకూ ఉన్న తేడాను ఇంత చక్కగా చెప్పిన ఉపన్యాసం మరొకటి నేను చదవలేదు. అయితే ఆవులు లేని ఆడదాని సంగతేమిటన్న ప్రశ్నకు ఈ వాదన దగ్గర జవాబు లేదు. మన వైపు దీని పర్యవసానం స్పష్టంగా కనిపిస్తుంది. 1921లో మద్రాసు శాసనమండలి మహిళలకు ఓటు ఇచ్చినప్పుడు ఆస్తి, పన్ను అర్హతలు అలాగే ఉండిపోయాయి కనుక, కోస్తాలోనూ రాయలసీమలోనూ ఆ హక్కు తమ పేరున ఆస్తి ఉన్న అతి కొద్దిమంది స్త్రీలకే దక్కింది.

రెండవదైన ఇంటి వాదనను తక్కువ చేసి మాట్లాడడం ఇప్పటి ఫ్యాషన్, కానీ నేను ఆ పని చేయను. ఎందుకంటే ఆచరణలో ఎక్కువమందిని కదిలించింది అదే. మద్యనిషేధ సంఘానికి నాయకత్వం వహించిన ఫ్రాన్సెస్ విల్లర్డ్ దీనికి ఇంటి రక్షణ అని పేరు పెట్టింది. భర్త కూలి డబ్బంతా సారాకొట్టుకే పోతుంటే ఆ కొట్టు ఉండాలా వద్దా అని తేల్చే ఓటు భార్యకు ఉండాలని ఆమె అడిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలను ఎరిగిన మనకు ఈ మాటను విడమరచి చెప్పనక్కరలేదు. షికాగోలో సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ దీన్ని మరింత పదును పెట్టింది. పల్లెలో ఇల్లాలు తన వాకిలి తాను ఊడ్చుకుంటే సరిపోయేది, నగరంలో ఇరుకు ఇళ్లలో కాపురముండే ఇల్లాలు ఎంత ఊడ్చినా నగరపాలక సంస్థ చెత్త ఎత్తకపోతే ఆమె పిల్లలకు జబ్బు చేయక మానదు, కాబట్టి ఇల్లు చక్కదిద్దుకోవాలన్నా ఓటు కావాలన్నది ఆమె తర్కం. ఇది ఊరికే చెప్పిన మాట కాదు. 1895లో ఆమె తన వార్డుకు చెత్త తనిఖీ అధికారిగా నియమితురాలై, తెల్లవారుజామునే చెత్తబండ్ల వెనుక తిరిగింది.

ఈ వాదన బలం ఏమిటంటే, స్త్రీ స్థానం ఇల్లేనని నమ్మే మనిషిని ఆ నమ్మకం వదులుకోమనకుండానే తన వైపు తిప్పుకుంటుంది. బలహీనత కూడా అక్కడే ఉంది. మద్యంతో ముడిపడినందువల్ల బీరు, సారా వ్యాపారులు మహిళల ఓటుకు బద్ధశత్రువులయ్యారు. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ప్రయోజనం చూపి ఓటు అడిగినప్పుడు ఆ ప్రయోజనం ఎవరికి అన్న ప్రశ్న రాక తప్పదు. 1903లో న్యూ ఆర్లియన్స్‌లో జరిగిన ఓటు ఉద్యమ మహాసభలోనే మిసిసిపీకి చెందిన బెల్ కీర్నీ, తెల్ల మహిళలకు ఓటు ఇస్తే దక్షిణాదిలో తెల్లవారి ఆధిపత్యం పదిలంగా ఉంటుందని వాదించింది. అది కూడా ప్రయోజన వాదనే. ఆడమ్స్ చెత్తను చూపినచోట కీర్నీ నల్లవారిని చూపింది, వాదన అల్లిక మాత్రం ఒకటే.

నా దృష్టిలో తేల్చవలసిన అంశం ఇదే: ఒక వాదనను చివరిదాకా లాగితే అది ఎవరిని గడప బయట నిలబెడుతుంది? పన్ను వాదన ఆస్తి లేనివారిని నిలబెడుతుంది. ఇంటి వాదన, ఓటు వేసి కూడా ఊరిని బాగుచేయలేకపోయిన స్త్రీని దోషిగా నిలబెడుతుంది. మగవాడిని మాత్రం నీ ఓటు వల్ల ఊరికి ఒరిగిందేమిటని ఎవరూ అడగలేదు. మూడవదైన హక్కు వాదన ఒక్కటే ఎవరినీ బయట ఉంచదు. 1848లో సెనెకా ఫాల్స్ సభలో ఉద్యమ నాయకురాలు ఎలిజబెత్ కేడీ స్టాంటన్ ఓటు తీర్మానం పెడతానన్నప్పుడు, నవ్వులపాలవుతామని లుక్రీషియా మాట్ వంటి ఉద్యమకారిణే వారించింది. సభలో ఏకగ్రీవం కాని తీర్మానం అదొక్కటే, నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ లేచి సమర్థించకపోతే అది గట్టెక్కేదో లేదో. 1892లో డెబ్బయ్యారేళ్ల వయసులో స్టాంటన్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు మాట్లాడుతూ, ప్రతి మనిషీ బతుకు అనే పడవను చివరికి ఒంటరిగానే నడపాలి కనుక చుక్కాని పట్టడం ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలని చెప్పింది. ఆ ఉపన్యాసంలో భార్యలు, తల్లులు అనే మాటలకంటే ముందు మనిషి అనే మాట వస్తుంది.

దీనికీ లోపాలు ఉన్నాయి. కోర్టులో ఇది ఓడిపోయింది. పౌరసత్వం ఉన్నంత మాత్రాన ఓటు రాదని 1875లో వర్జీనియా మైనర్ అనే మహిళ వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. వివాహిత కనుక ఆమె ఒక్కతే దావా వేయడానికి లేక భర్తను కలుపుకోవలసి వచ్చిందన్న సంగతి ఆ తీర్పుకంటే ఎక్కువ చెబుతుంది. పైగా నల్లజాతి పురుషులకు ఓటిచ్చే 15వ సవరణ వచ్చిన రోజుల్లో స్టాంటన్ స్వయంగా వారిని కించపరుస్తూ మాట్లాడింది. అయితే 1866లోనే నల్లజాతి రచయిత్రి ఫ్రాన్సెస్ హార్పర్, మనమందరం ఒకే ముడిలో ఉన్నామని అదే హక్కు మాటతో తెల్ల మహిళలను నిలదీసింది. వక్త తప్పటడుగు వేసినప్పుడు సరిదిద్దడానికి పనికొచ్చే మాట వాదనలోనే ఉండడం నాకు చాలా పెద్ద విషయంగా తోస్తుంది.

చదువుకున్న స్త్రీలకు ముందు ఇవ్వాలన్న వాదన పన్ను వాదనకు తమ్ముడి వంటిది. యుద్ధంలో చేసిన సేవకు బదులుగా ఇవ్వాలని 1918లో అధ్యక్షుడు విల్సన్ సెనేట్‌ను కోరిన మాట ఇంటి వాదనకే సైనిక దుస్తులు తొడిగినట్టుంటుంది. రెండింటి మీదా ఇంతకంటే కాలం వెచ్చించనక్కరలేదు.

పోటీలో అయిదు నిమిషాలే ఉన్నప్పుడు ఆవుల కథతో మొదలుపెట్టమనీ, చెత్తబండిని మధ్యలో ఉంచమనీ, వాదనను మాత్రం హక్కు మీదే కట్టమనీ నేను పిల్లలకు చెబుతాను. ముగింపుకు టెనెసీ ఉంది. 1920 ఆగస్టులో, రాష్ట్రాల ఆమోదం కావలసిన 19వ సవరణ భవితవ్యం ఆ రాష్ట్ర శాసనసభలో ఒక్క ఓటు మీద ఆగినప్పుడు, ఇరవైనాలుగేళ్ల సభ్యుడు హ్యారీ బర్న్ కోటు జేబులో తల్లి రాసిన ఉత్తరం పెట్టుకుని అనుకూలంగా ఓటు వేశాడు. మరునాడు సభ రికార్డులో తన కారణాలను నమోదు చేయించాడు. అందరూ చెప్పుకునేది తల్లి మాట విన్నాడనే. కానీ ఆ జాబితాలో తల్లి మాటకంటే ముందు, అన్నిటికంటే మొదటగా అతను రాయించినది, ఓటు హక్కును తాను హక్కుగానే నమ్ముతున్నానని.