నాష్‌విల్‌లో బిల్లు, హిల్టన్స్‌లో పాట

బాంజో, ఫిడేలు, మాండొలిన్‌లతో సాగే అమెరికా పల్లె సంగీతం బ్లూగ్రాస్ వినాలని టెనెసీలోని నాష్‌విల్ వెళ్ళేవారు హోటల్ గదికి ఆన్‌లైన్‌లో కనబడే అద్దెలో ఏవి చేరాయో, ఏవి చేరలేదో ముందే చూసుకోవాలని నా మనవి. ఆ ఊళ్ళోని బ్రాడ్‌వే వీధి దగ్గర రాత్రికి 179 డాలర్లని మేము గది తీసుకున్నాము. ఖాళీ చేసే వేళ రాత్రికి ‘సౌకర్యాల రుసుము’ 32, కారు నిలిపినందుకు 46 చేర్చి, రెండు రాత్రులకు పన్నులు కాక 514 డాలర్లు లాగారు. ఏ సౌకర్యాలని అడిగితే ఈతకొలను అన్నాడు కౌంటరులోని యువకుడు. కొలను మరమ్మతులో ఉందన్న కాగితాన్ని లిఫ్టులో రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాము. వీధిలోని బార్ల నుంచి అర్ధరాత్రి దాటేదాకా వినబడిన ఎలక్ట్రిక్ గిటార్ల హోరుకు మాత్రం రుసుము వేయలేదు.

ఆ ఊళ్ళో అమ్మకు నచ్చింది రైమన్ ఆడిటోరియం ఒక్కటే. సువార్త సభల కోసం కట్టి 1892లో పూర్తిచేసిన ఆ మందిరంలో ప్రేక్షకులు నేటికీ చర్చి బల్లల మీదే కూర్చుంటారు. బ్లూగ్రాస్ పితామహుడనే బిల్ మన్రో బృందంలో చేరిన ఎర్ల్ స్క్రగ్స్ 1945 డిసెంబరులో బాంజో మోగించింది అక్కడే.

తూర్పుగా దాదాపు 300 మైళ్ళు కారు నడిపి, టెనెసీ, వర్జీనియాల సరిహద్దు మీది బ్రిస్టల్ చేరాము. దారిలో కాలమండలం మారి గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది కనుక పెందలాడే బయలుదేరాలి. అక్కడ గది 84 డాలర్లు, కారుకు పైసా లేదు.

శనివారం సాయంత్రం, అక్కడికి సుమారు 20 మైళ్ళ దూరాన కొండల నడుమ ఉన్న హిల్టన్స్‌లోని కార్టర్ ఫ్యామిలీ ఫోల్డ్ అనే కచేరీ మందిరానికి వెళ్ళాము. 1927లో బ్రిస్టల్‌లో తొలి రికార్డులిచ్చిన పాతతరం జానపద గాయకులు, కార్టర్ కుటుంబం ఊరది. మద్యం నిషిద్ధం; ఎలక్ట్రిక్ వాయిద్యాలకూ చోటు లేదు. వేదిక ముందు ముసలివాళ్ళు బూట్లు టకటకలాడిస్తూ ఆడుతుంటే, హోటల్ నాటి నుంచి ముభావంగా ఉన్న అమ్మ ముఖం విచ్చుకుంది.

గాస్పెల్, అంటే క్రైస్తవ భక్తిగీతాల, వంతు రాగానే బాంజో, ఫిడేలు పక్కకు తప్పుకున్నాయి. గిటారు, మాండొలిన్‌ల తోడుతో నలుగురు ఒకే మైకు చుట్టూ చేరి నాలుగు స్థాయిలలో పాడసాగారు. అందరికంటే పైన సాగిన సన్నని గొంతు ఆ చెక్కల కప్పును తాకుతున్నట్టుంది. 1842లోనే అమెరికా లూథరన్ మిషనరీ వచ్చిన గుంటూరులో, చర్చి గాయక బృందంలో పాడుతూ పెరిగిన అమ్మకు రెండో చరణానికే బాణీ దొరికింది. ఆమె మెల్లగా తెలుగులోనే అందుకుంది. పక్కనున్న పెద్దావిడ జరిగి చోటిచ్చి, తన భాషలో శ్రుతి కలిపింది.

ముగ్గురి టికెట్లూ కలిపినా నాష్‌విల్‌లో రెండు రాత్రుల పార్కింగుకు సరిపోలేదు. తిరుగు దారిలో ఆ ఈతకొలను సంగతి అమ్మ ఎత్తలేదు. నేనే రెండుసార్లు ఎత్తాను.