పట్టుబడి ముఠా: మేస్త్రి గట్టు మీదుంటే 5కి 4 మార్కులు, లేకుంటే 2

రొయ్యల పట్టుబడికి, అంటే గుంటలో పెరిగిన రొయ్యని వలేసి పట్టడానికి, కూలి ముఠాని పిలిచేటప్పుడు నెల్లూరు జిల్లాలో రైతు ముందు అడిగేది కిలోకెంత అని. అల్లూరు, ఇందుకూరుపేట వైపు గుంటలకొచ్చే ఈ 12 మంది ముఠా రేటు మిగతా ముఠాల రేటే. తేడా అంతా మేస్త్రి దగ్గరుంది.

ముందురోజు సాయంత్రమే వచ్చి నాలుగు మూలలా విసురువల వేసి చూస్తాడు. చేతికొచ్చిన వందలో ఐదారు మెత్తగా తగిలితే పని ఒప్పుకోడు. "రెండ్రోజులాగి కబురు పెట్టన్నా" అని బండెక్కేస్తాడు. అమావాస్య, పున్నమి దగ్గర్లో రొయ్య పొట్టు విడవడం ఎక్కువ, ఆ మెత్త సరుకు కాటా దగ్గర పక్కకు పోతుంది. మేత ఎప్పుడు ఆపాలో కూడా ఆయనే చెప్తాడు. పేగులో మేత ఉన్న రొయ్య త్వరగా పాడవుతుంది మరి.

అసలు పనితనం తెల్లవారుజామున కనబడుతుంది. కూలి కిలో లెక్కన కాబట్టి వల లాగే ఆరుగురికి తొందరే తొందర. ఐసు దంచి, నీళ్లలో కలిపి, రొయ్యని ముంచి, ట్రేలో పొరపొరగా సర్దే ఇద్దరికి ఆ వేగం అందదు. కిలో రొయ్యకి కిలో ఐసు పడాలి. టన్ను సరుకంటే 50 కిలోల దిమ్మలు 20. ఈ మేస్త్రి వల దగ్గర నిలబడడు, ఐసు తొట్టి పక్కన నిలబడతాడు. ముంచాల్సిన ట్రేలు రెండు దాటి పోగుపడితే "వలాపండ్రా" అని కేకేస్తాడు. ఐసు కుర్రాడు కేకేసినా వల ఆగుతుంది. వాడికీ వల లాగేవాడికీ వాటా ఒకటే పెట్టాడు, అందుకే ఆ మాటకి విలువ. తక్కిన ముఠాల్లో ఐసు పని అందరికంటే చిన్నవాడి నెత్తిన పడేసి, వాడు నోరెత్తితే తిడతారు.

కౌంటు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది కూడా ఒక్కసారి చూసి ఊరుకోడు. మొదట్లో, మధ్యలో, చివర్లో కిలో చొప్పున ఎంచుతాడు. కిలోకి 50 తూగాల్సింది 55 తూగితే ధరే మారిపోతుంది, సరుకు కొనే ఏజెంటుతో గొడవ అక్కడే మొదలవుతుంది.

ఇక లోటు. సీజన్లో ఒకేరోజు రెండు గుంటలు ఒప్పుకుని, రెండోదానికి బామ్మర్దిని పంపుతాడు. అవే వలలు, ఆ మనుషుల్లోనే సగం మంది. బామ్మర్ది మాత్రం గట్టు చివర ఏజెంటుతో ఫోన్లో ఉంటాడు. వల ఆగదు, సరుకు పట్టా మీద కుప్ప పడుతుంది, ఐసు పైపైన చల్లుతారు. అడుగు ట్రేలు వెచ్చగానే లారీ ఎక్కుతాయి. ఫ్యాక్టరీకి చేరేసరికి తలలు నల్లబడతాయి. అది రోగం కాదు, చల్లదనం చాలక రొయ్యలోని ఎంజైము చేసే పని. పైగా నీళ్లు ఒక్కసారిగా దించేసి అడుగు బురద కలిపేస్తారు, మొప్పల్లో మన్ను పట్టేస్తుంది. ఇంతకాలం పనిచేసినా పక్కన రెండో మనిషిని తయారుచేసుకోకపోవడం మేస్త్రి తప్పే.

పిలిచేవాళ్లు రేటు కంటే ముందు "నువ్వే వస్తావా?" అని అడగండి. ఆరోజు ఇంకో గుంట ఉందంటే తేదీ మార్చుకోండి. ఐసు మాత్రం మీరే తెప్పించి, బండి వచ్చాకే వల దించనివ్వండి.